గ్రీన్‌ఫీల్డ్ హైవే ఖర్చు టోలుతో వెనక్కి వస్తుందా?

కొత్త కారిడార్ మంజూరైందన్న వార్తతో పాటు పత్రికల్లో ఒక మ్యాపు పడుతుంది. రెండు నగరాల మధ్య గీత, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు ఆదా, ఎన్ని వేల కోట్లు. ఆ కోట్ల సంగతి ఎవరూ పెద్దగా అడగరు. ప్రైవేటు వాళ్లు కడతారు, టోలు వసూలు చేసుకుంటారు, ప్రభుత్వానికి పోయేదేముంది అన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. పొలాల మీదుగా కొత్తగా వేసే ఈ గ్రీన్‌ఫీల్డ్ రోడ్ల విషయంలో ఈ నమ్మకానికి ఆధారం చాలా తక్కువ. టోలుతో ఖర్చు తిరిగి రాకపోవడం తప్పేమీ కాదు. బడి కట్టినా ఆస్పత్రి కట్టినా తిరిగి రాదు. కానీ వస్తుందన్న ఊహ మీద అలైన్‌మెంటు (రోడ్డు ఎటుగా పోవాలన్న గీత), కాంట్రాక్టు, అప్పు అన్నీ నిలబెడితే, ఆ తేడా ఎవరో ఒకరు కట్టాల్సిందే.

ముందు లెక్క వేసి చూద్దాం. భూమితో కలిపి కిలోమీటరుకు రూ.35 కోట్లు ఖర్చవుతుందనుకుందాం. రోజుకు ఆ రోడ్డెక్కేవి 6,000 కార్లు, 1,000 చిన్న సరుకు బళ్లు, 1,500 రెండు యాక్సిళ్ల లారీలూ బస్సులూ, 1,500 మల్టీ యాక్సిల్ లారీలు. కొత్త రోడ్డుకు ఇదేమీ తీసిపారేసే రద్దీ కాదు. ఇంజనీర్లు వాడే ప్యాసింజర్ కార్ యూనిట్లలోకి మారిస్తే (కారు 1, చిన్న సరుకు బండి 1.5, లారీ 3, మల్టీ యాక్సిల్ 4.5) 18,750 అవుతుంది. టోలు రేట్లకు మూలం 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు. 2007-08 ధరల్లో కారుకు కిలోమీటరుకు 65 పైసలు, రెండు యాక్సిళ్ల లారీకి రూ.2.20, నాలుగు నుంచి ఆరు యాక్సిళ్ల బండికి రూ.3.45. ఏటా దాని మీద 3 శాతం, టోకు ధరల సూచీ పెరిగిన దాంట్లో 40 శాతం కలుస్తాయి. ఇప్పుడు కారుకు రూ.1.50 అని కాస్త ధారాళంగానే పెట్టుకుని, మిగతావి అదే నిష్పత్తిలో రూ.2.40, రూ.5, రూ.8 అనుకుందాం. రోజుకు కిలోమీటరుకు వచ్చేది రూ.30,900. ఏడాదికి సుమారు రూ.1.13 కోట్లు. 35 కోట్ల మీద 8.5 శాతం వడ్డీయే రూ.2.97 కోట్లు. అసలు మాట దేవుడెరుగు, వడ్డీలోనే రూపాయికి 38 పైసలు వచ్చాయి. టోలు సిబ్బంది జీతాలు, అంబులెన్సు, గస్తీ బళ్లు, కొన్నేళ్లకోసారి పైపొర కొత్తగా వేసే ఖర్చు ఇంకా తియ్యనే లేదు.

రద్దీ పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. రేట్లూ బళ్లూ కలిపి ఆదాయం ఏటా 10 శాతం చొప్పున పెరిగితే, అదే 8.5 శాతం వడ్డీ రేటుతో లెక్కగట్టినప్పుడు 20 ఏళ్ల టోలుకు ఈనాటి విలువ కిలోమీటరుకు రూ.24 కోట్ల దాకా తేలుతుంది. పెరుగుదల 7 శాతమే అయితే రూ.18 కోట్లు. 35 కి ఏదీ అందదు. ఇంకో సంగతి: అంచనాలో ఆ మూడు శాతం తేడాకే 300 కిలోమీటర్ల రోడ్డులో 1,600 కోట్లకు పైగా గల్లంతవుతుంది.

స్వర్ణ చతుర్భుజి మాటేమిటి అని అడగవచ్చు. ఆ 5,846 కిలోమీటర్లు ప్రధానంగా ఉన్న రోడ్లనే వెడల్పు చేసిన పని. పెట్రోలు, డీజిలు మీద సెస్సు దానికి గట్టి ఊతం. పని మొదలయ్యే నాటికే లారీలు ఆ రోడ్ల మీద బారులు తీరి ఉన్నాయి కాబట్టి టోలు గేటు తెరిచిన రోజు నుంచే డబ్బు కనబడింది. గ్రీన్‌ఫీల్డ్ రోడ్డుకు ఆ సౌకర్యం లేదు. బళ్లు ఇంకో రోడ్డు వదిలి దీని మీదికి రావాలి.

అందుకే ట్రాఫిక్ సర్వే మీద నాకు పట్టింపు ఎక్కువ. వారం రోజులు, రోజుకు 24 గంటలు, బళ్లను రకాలవారీగా లెక్కపెట్టాలి. ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తున్నారో డ్రైవర్లను ఆపి అడగాలి. లారీలను తూచి యాక్సిల్ బరువు రాసుకోవాలి. ఆ వారం కోతల కాలమా, పండగ వారమా, వానాకాలమా అన్నదాన్ని బట్టి దిద్దుబాటు చెయ్యాలి. ఇంతవరకూ పద్ధతి అందరికీ తెలిసిందే. తప్పు జరిగేది ఆ తర్వాత. రోడ్డు పొరల మందం లెక్కించేటప్పుడు ఏటా కనీసం 5 శాతం పెరుగుదల తీసుకోమని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ 37 చెబుతుంది. అక్కడ అది సబబే. రద్దీ ఎక్కువ అనుకుంటే రోడ్డు మందంగా వస్తుంది, నష్టం తక్కువ. అదే 5 శాతాన్ని ఎత్తుకెళ్లి టోలు ఆదాయం పట్టికలో పెడితే జాగ్రత్త కాస్తా దురాశ అవుతుంది. రోడ్డు మందానికి ఎక్కువ అంచనా, ఆదాయానికి తక్కువ అంచనా, ఇలా రెండు వేరు వేరు అంకెలుండాలి. చాలా డీపీఆర్‌లలో (పని మొదలయ్యే ముందు తయారుచేసే సవివర నివేదికల్లో) రెండు చోట్లా ఒకటే ఉంటుంది. ఇప్పుడు ఫాస్టాగ్ లావాదేవీలు ఏళ్ల తరబడి పోగుపడి ఉన్నాయి. ఏ లారీ ఏ గేట్లు దాటిందో, ఏ నెలలో దాటిందో అందులోనే ఉంది. వారం రోజుల లెక్కను దానితో సరిచూడకుండా ఆమోదించడానికి ఇప్పుడు సాకు లేదు.

ఇంకొకటి డీపీఆర్‌లో దాదాపు కనబడనే కనబడదు. కొత్త రోడ్డు మీదికి వచ్చే బండి పాత జాతీయ రహదారి మీది టోలు గేటు వదిలి వస్తుంది. విజయవాడ నుంచి బెంగళూరు వెళ్లే లారీ రేపు కొడికొండ మీదుగా వచ్చే కొత్త గ్రీన్‌ఫీల్డ్ దారి పడితే, ఇవాళ అది దాటుతున్న గేట్ల ఆదాయం ఆ మేరకు పడిపోతుంది. ఆ గేట్లు ప్రభుత్వానివైతే ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకున్నట్టే. ప్రైవేటు సంస్థకు దీర్ఘకాలానికి ఇచ్చినవైతే, పోటీ రోడ్డు వచ్చిందన్న షరతు కింద గడువు పొడిగింపో పరిహారమో అడుగుతారు. నికరంగా పెరిగే ఆదాయం ఎంత అన్నది వేరే వరుసలో రాసి చూపించాలి.

సరే, టోలుతో రాదు. మరి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?

బీవోటీలో (బిల్డ్–ఆపరేట్–ట్రాన్స్‌ఫర్) కట్టేవాడే పెట్టుబడి పెట్టి టోలు తీసుకుంటాడు. రద్దీ రాకపోతే నష్టం వాడిది. లాభం చాలదనుకుంటే ప్రభుత్వం 40 శాతం దాకా గ్రాంటు ఇచ్చే వీలుంది. 2009-12 మధ్య ఇది తలకిందులైంది. గ్రాంటు అడగడం మాని, ఎదురు ప్రభుత్వానికే ఏటా ప్రీమియం కడతామని పోటీలు పడ్డారు. 2011లో కిషన్‌గఢ్–ఉదయ్‌పూర్–అహ్మదాబాద్ 555 కిలోమీటర్ల ఆరు వరుసల పనికి గెలిచిన బిడ్ ఏటా రూ.636 కోట్ల ప్రీమియం, అదీ ఏటేటా పెరుగుతూ. 2013 జనవరిలో ఆ సంస్థ ఒప్పందం నుంచి తప్పుకుంది. ఆ దశకంలో అలాంటి పనులు ఎన్నో సగంలో ఆగాయి, బ్యాంకులకు మొండి బకాయిలు మిగిలాయి. అప్పటి నుంచి పెద్ద కాంట్రాక్టర్లకు టోలు రిస్కు అంటే భయం పట్టుకుంది, అందులో అన్యాయమేమీ లేదు.

2016 జనవరిలో వచ్చిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి, వాడుకలో హ్యామ్, ఆ భయానికి మందు. వెయ్యి కోట్ల బిడ్ అనుకోండి. కడుతుండగా ప్రభుత్వం 400 కోట్లు ఇస్తుంది, మొదట్లో ఐదు వాయిదాల్లో, తర్వాత పదింటికి మార్చారు. మిగతా 600 కోట్లు కాంట్రాక్టరు తన వాటా, బ్యాంకు అప్పు కలిపి తెస్తాడు. రోడ్డు పూర్తయ్యాక 15 ఏళ్ల పాటు, ఆరు నెలలకోసారి, 30 వాయిదాల్లో ప్రభుత్వం అది తిరిగి కడుతుంది, తగ్గే బాకీ మీద వడ్డీతో సహా. రేటు 9 శాతం ఉంటే ఆ వడ్డీయే 400 కోట్లు దాటుతుంది. నిర్వహణ ఖర్చు వేరు. టోలు ప్రభుత్వానిదే. అంటే రద్దీ రిస్కు మొత్తం తిరిగి ఖజానా నెత్తినే పడింది. ఈ వడ్డీ మొదట్లో రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు 3 శాతం కలిపి ఉండేది. 2020లో బ్యాంక్ రేటు 4.25కు పడిపోయింది, కాంట్రాక్టర్లు తెచ్చుకున్న అప్పుల రేట్లు మాత్రం అంత వేగంగా తగ్గలేదు. వచ్చే వడ్డీ తక్కువ, కట్టే వడ్డీ ఎక్కువ. ఆ ఏడాదే కొత్త ఒప్పందాలకు ఐదు పెద్ద బ్యాంకుల ఎంసీఎల్ఆర్ (బ్యాంకులు తమ అప్పులకు ఆధారంగా పెట్టుకునే కనీస వడ్డీ రేటు) సగటుకు 1.25 శాతం కలిపే పద్ధతికి మారారు.

హ్యామ్ చెడ్డదని నేననను. కట్టినవాడే పదిహేనేళ్లు చూసుకోవాలి కాబట్టి రోడ్డు నాణ్యతకు మంచిది. నా అభ్యంతరం దాన్ని ప్రైవేటు పెట్టుబడి అని పిలవడం మీద. ఆ 600 కోట్లు ప్రభుత్వం వాయిదాల్లో తీర్చే బాకీ. పేరు అప్పు కాదు కాబట్టి అప్పుల పట్టికలో కనబడదు. జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ మామూలు అప్పు 2022 మార్చి నాటికి 3.4 లక్షల కోట్లు దాటాక, కొత్త అప్పులు ఆపి బడ్జెట్ నుంచే డబ్బివ్వడం మొదలుపెట్టారు. మంచి పని. అదే క్రమశిక్షణ యాన్యుటీలకూ, అంటే ఈ హ్యామ్ వాయిదాలకూ వర్తించాలి. ఏ కారిడార్‌కు ఏ సంవత్సరం ఎంత కట్టాలో మంజూరు రోజునే పదిహేనేళ్ల పట్టిక అచ్చు వెయ్యాలి.

టోల్–ఆపరేట్–ట్రాన్స్‌ఫర్ గురించి క్లుప్తంగా: కట్టేసిన రోడ్డు టోలు హక్కు 20 నుంచి 30 ఏళ్లకు అమ్మి ఒకేసారి సొమ్ము తీసుకోవడం. 2018లో మొదటి కట్ట ఆంధ్రప్రదేశ్, గుజరాత్ రోడ్లతో రూ.9,681 కోట్లకు పోయింది. పాత రోడ్లకు ఇది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడి రద్దీకి చరిత్ర ఉంది. కొత్త కారిడార్‌కు నాలుగైదేళ్ల రద్దీ రికార్డు లేకుండా మంచి ధర రాదు. పైగా కొనేవాడు ప్రభుత్వ విధానాన్నీ లెక్కలోకి తీసుకుంటాడు. 2025 ఆగస్టు 15న సొంత కార్లకు రూ.3,000కు 200 ట్రిప్పుల వార్షిక పాస్ తెచ్చారు, అంటే గేటుకు 15 రూపాయలు. కారు నడిపేవాళ్లకు పండగే, కానీ ప్రైవేటు చేతిలో ఉన్న గేట్ల తేడా ప్రభుత్వమే భర్తీ చెయ్యాలి.

ఇక భూమి. కారిడార్ లెక్కలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

70 మీటర్ల వెడల్పు తీసుకుంటే కిలోమీటరుకు 7 హెక్టార్లు, అంటే 17.3 ఎకరాలు. 300 కిలోమీటర్లకు దాదాపు 5,200 ఎకరాలు. 2015 నుంచి జాతీయ రహదారులకు కూడా 2013 భూసేకరణ చట్టం పరిహారమే వర్తిస్తోంది. గత మూడేళ్ల రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజులు తీసుకుని వాటి సగటు కడతారు. పల్లెల్లో దాన్ని రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో (1 నుంచి 2 దాకా) హెచ్చిస్తారు. దానికి అంతే మొత్తం సొలేషియం, అంటే ఇష్టం లేకున్నా భూమి తీసుకున్నందుకు ఇచ్చే ఓదార్పు సొమ్ము. చెట్లు, బోర్లు, పైపులైన్లు, షెడ్లు వేరు. నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా మార్కెట్ విలువ మీద ఏటా 12 శాతం అదనం. ఎకరం 20 లక్షలు, గుణకం 1.5 అయితే 60 లక్షలు, కిలోమీటరుకు రూ.10.4 కోట్లు. ఊరి శివార్లలో ఎకరం కోటి ఉండి గుణకం 1 అయినా కిలోమీటరుకు రూ.34.6 కోట్లు, పైన మనం మొత్తం రోడ్డుకు అనుకున్న ఖర్చంతా భూమికే. అందుకని అలైన్‌మెంటును ఊళ్లకు దూరంగా జరుపుతారు. జరిపిన కొద్దీ భూమి చవక, టోలు కట్టే బళ్లూ తక్కువ. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే అలైన్‌మెంటు. మ్యాపు మీద తిన్నగా ఉన్న గీతే మంచిదనుకోవడం అమాయకత్వం.

జాతీయ రహదారుల చట్టంలో గడియారం ఉంది, దాన్ని మర్చిపోతే ఖరీదైన పాఠం. భూమి తీసుకోబోతున్నామని చెప్పే సెక్షన్ 3ఏ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో రైతులు అభ్యంతరాలు ఇవ్వాలి. 3ఏ తేదీ నుంచి ఏడాదిలోగా సెక్షన్ 3డి ప్రకటన రావాలి. అప్పుడే భూమి కేంద్రానికి దఖలు పడుతుంది. ఏడాది దాటితే 3ఏ చెల్లదు, మళ్లీ మొదటికి, ఈసారి పెరిగిన ధరలతో. 3జి కింద పరిహారం తేల్చి, సొమ్ము డిపాజిట్ చేసి, నోటీసిచ్చి 60 రోజులు ఆగాకే భూమి చేతికొస్తుంది. ఏడాది ఎందుకు చాలదు? రికార్డులో ఉన్న పట్టాదారు ఎప్పుడో చనిపోయి ఉంటాడు, వారసుల పేర్లు ఎక్కవు. సర్వే నంబరు సబ్ డివిజన్ జరగకుండానే నలుగురు సాగు చేస్తుంటారు. అసైన్డ్ భూమికి పూర్తి విలువ రాదని కింది స్థాయిలో ఎవరో చెబుతారు. అసైనీలకు కూడా మార్కెట్ విలువ ఇవ్వాలని 2004లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పినా సరే. కౌలు రైతు ఏ కాగితంలోనూ ఉండడు.

రేట్ల దగ్గర రెండు వైపులా గొడవే. రిజిస్ట్రేషన్‌లో ధర తక్కువ చూపించే అలవాటు వల్ల అసలు రైతుకు తక్కువ వస్తుంది. మరోవైపు అలైన్‌మెంటు ముందే పొక్కితే, 3ఏ కంటే ముందు కొందరు పొలాన్ని ప్లాట్లుగా, చిన్న ముక్కలుగా మార్చేస్తారు. రాయ్‌పూర్–విశాఖ కారిడార్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని అభన్‌పూర్ దగ్గర ఇలా ముక్కలు చేసి పరిహారం పెంచుకున్నారన్న ఆరోపణలపై కేసులు నడుస్తున్నాయి. విరుగుడు ఒకటే: తుది అలైన్‌మెంటు ఖరారైన నాడే ఉపగ్రహ చిత్రం, డ్రోన్ సర్వే తేదీతో సహా భద్రపరచి, ఆ సర్వే నంబర్లలో భూమి వినియోగ మార్పును వెంటనే ఆపడం. డీపీఆర్ ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగాక 3ఏ ఇస్తే జరిగేది అభన్‌పూరే.

ముంబయి–నాగ్‌పూర్ సమృద్ధి మార్గం 701 కిలోమీటర్లు. అక్కడ ఎక్కువ భూమిని రైతులతో నేరుగా మాట్లాడి కొన్నారు, రేటూ ఎక్కువే ఇచ్చారు. 2022 డిసెంబరులో నాగ్‌పూర్–షిర్డీ 520 కిలోమీటర్లు, 2025 జూన్‌లో చివరి ముక్క తెరిచారు. భూమికి ఎక్కువ ఇచ్చి రెండేళ్లు ముందు రోడ్డు తెరవడం, తక్కువ ఇచ్చి కోర్టుల్లో ఉండడం కంటే చవక అన్నది నా వాదన.

ఇప్పుడు మట్టి. కట్ట పైన 30 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, పక్కలు ఒకటికి రెండు వాలు అయితే కిలోమీటరుకు 1.08 లక్షల ఘనపు మీటర్ల గట్టిపడిన మట్టి. తవ్వినప్పుడు పొంగే మట్టిని పావు వంతు కలిపి, 14 ఘనపు మీటర్ల టిప్పర్ అనుకుంటే కిలోమీటరుకు తొమ్మిది వేలకు పైగా ట్రిప్పులు. గ్రావెల్ క్వారీ 5 కిలోమీటర్లలో ఉందా 20లో ఉందా అన్నదాని మీద బిడ్ నిలబడుతుంది, కూలుతుంది. ఎత్తును నిర్ణయించేది అండర్‌పాస్‌లు. లారీ పట్టే అండర్‌పాస్‌కు 5.5 మీటర్ల ఖాళీ, పైన వంతెన మందం. కట్ట 7 మీటర్లకు లేస్తుంది. అప్పుడు మట్టి 3.08 లక్షల ఘనపు మీటర్లు, దాదాపు మూడింతలు. అండర్‌పాస్‌లు దగ్గర దగ్గరగా ఉంటే కట్ట మళ్లీ దిగడానికి చోటే ఉండదు. హైవేను కిందనే ఉంచి ఊరి రోడ్డునే పైనుంచి దాటించడం చాలాచోట్ల చవక. ధాన్యం ట్రాక్టరు ఎక్కలేనంత నిటారుగా కట్టకుండా చూసుకోవాలి, అంతే. డీపీఆర్ దశలో ఊళ్లను అడగకుండా దాటుమార్గాలు తగ్గించేస్తే, పని మొదలయ్యాక జనం టిప్పర్లకు అడ్డం పడుకుంటారు. అప్పుడు చేర్చే ప్రతి అండర్‌పాస్‌కూ బిడ్ పోటీ ఉండదు, కాంట్రాక్టరు చెప్పిన రేటుకు బేరమాడటమే.

నీళ్ల సంగతీ ఇలాంటిదే. రాయలసీమ, ప్రకాశం వైపు గొలుసుకట్టు చెరువుల మధ్య ఇలాంటి కట్ట వేస్తే అది అడ్డుకట్టే. వాగు ఉన్నచోట వంతెన పెడతారు. వాగు పేరు లేకుండా పొలాల మీదుగా పారే నీటికి తూము పెట్టడం మరుస్తారు. ఒక్క పెద్ద వానకు ఎగువన పంట మునుగుతుంది, దిగువ చెరువు నిండదు.

కేంద్రం రహదారుల పథకం భారత్‌మాల మొదటి దశను 2017లో ఆమోదించినప్పుడు 34,800 కిలోమీటర్లకు రూ.5.35 లక్షల కోట్లు అనుకున్నారు, కిలోమీటరుకు రూ.15.37 కోట్లు. 2023 మార్చి నాటికి 26,316 కిలోమీటర్లకే రూ.8.46 లక్షల కోట్లు మంజూరయ్యాయని, కిలోమీటరుకు రూ.32.17 కోట్లయిందని కాగ్ లెక్క తేల్చింది. రోడ్ల స్వరూపం మధ్యలో మారింది, భూమి ధర పెరిగింది. పైన చెప్పిన మట్టీ అండర్‌పాస్‌లూ కూడా ఏదో ఒక వరుసలో ఈ అంకెలోకి వచ్చి చేరేవే.

చివరిగా ప్యాకేజీలు. కొడికొండ నుంచి ముప్పవరం వైపు 342 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ భాగాన్ని 14 ప్యాకేజీలు చేశారు. విడగొట్టకపోతే అంత పని ఒక్కడు ఎత్తలేడు, బిడ్ వేసేవాళ్లూ తగ్గుతారు. హ్యామ్‌లో 80 శాతం భూమి చేతికొస్తే పని ప్రారంభ తేదీ ఇవ్వవచ్చు. మిగతా 20 శాతం ఒకచోట ఉండదు. ఒక ఊరి చివర, ఒక రైల్వే వంతెన దగ్గర, రెండో దశ అనుమతి రాని అడవి ముక్క దగ్గర చెదిరి ఉంటుంది. యంత్రాలు ఖాళీగా నిలబడతాయి, ఆ ఖాళీకి క్లెయిము పడుతుంది. ఇందులో ఒక్క ప్యాకేజీ రెండేళ్లు ఆలస్యమైతే లారీ కొత్త రోడ్డు దిగి, పాత సింగిల్ రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు పోయి, మళ్లీ ఎక్కాలి. దూరం వెళ్లే డ్రైవరు ఆ బాధ పడడు, పాత హైవేనే పడతాడు. టోలు రాదు. కానీ పూర్తయిన 13 ప్యాకేజీల ఒప్పందాలు వేటికవి విడి. వాటి యాన్యుటీలు మాత్రం ఆరు నెలలకోసారి తేదీ తప్పకుండా పోతూనే ఉంటాయి.